తెంపని నందివర్ధనాలు

నిన్న సిద్దిపేటలో ఒక ఇంటి గేటు పక్కన నందివర్ధనం చెట్టు నిండా పూసింది. దారిన పోయేవాళ్లు ఫోటోలు తీసుకుంటున్నారు. నేను మాత్రం గేటు దగ్గరే ఆగిపోయాను.

మన ఈడువాళ్లకు గుర్తుందా, వాకిట్లో పూలచెట్టును నిండుగా ఎప్పుడైనా చూశామా? బియ్యం కడిగిన నీళ్లు పోసి అమ్మ పెంచిన చెట్టుకు, తెల్లారేసరికి ఒక్క పువ్వూ మిగిలేది కాదు. అన్నీ తెంపి సత్తుగిన్నెలో వేసుకొని దేవుడి పటాలకు పెట్టేది.

అమ్మ పోయాక ఒక పొద్దున వాకిట్లోకి వస్తే చెట్టంతా తెల్లగా ఉంది. సంబరంగా చెయ్యి చాపాను.

"వద్దు బిడ్డా, ఇంట్ల మైల ఉన్నది. గిప్పుడు దేవునికి పూలు పెట్టొద్దు" అన్నది చిన్నమ్మ.

ఇప్పటికీ నిండుగా పూసిన చెట్టు కనిపిస్తే, ఆ ఇంట్లో పూలు తెంపే మనిషి ఉందో లేదోనని ముందు తలుపు వైపు చూస్తాను.