రామ్మోహనరావు గారి సంతకానికి బీమా

మా మున్సిపల్ ఆఫీసు సూపరింటెండెంట్ రామ్మోహనరావు గారు బీమా ఏజెంటుకు ఫోన్ చేయకుండా సంతకం చేయరు. ప్రభుత్వ ఉద్యోగి పొరపాటు వల్ల ఎవరికైనా నష్టం జరిగి కేసు పడితే, లాయరు ఖర్చూ పరిహారమూ కంపెనీయే భరించే పాలసీ ఒకటుంది. ఆయన దాన్ని ఏడేళ్లుగా సొంత జీతంలోంచి కడుతున్నారు. మా కిటికీకి ఎదురుగా ఉన్న అద్దాల మేడల్లో కోట్ల ప్రాజెక్టులు మునిగినా ఎవరూ అంత భయపడరు.

ఒకసారి అటెండరు యాదయ్య సెలవు చీటీ తెచ్చాడు.

“సార్, మరదలి పెండ్లి. జర సంతకం పెట్టుండ్రి.”

“ఉండవయ్యా. నువ్వు లేనప్పుడు మంచినీళ్లు పెట్టే మనిషి లేక ఇక్కడెవరికైనా వడదెబ్బ తగిలితే?”

“తగిల్తే ఏమైతది సార్?”

“అదే కనుక్కుంటున్నా.”

ఏజెంటు వెంకట్ ఫోనెత్తేసరికి యాదయ్య మరదలు అత్తారింటికి చేరింది.

రిటైరవుతున్న ఒక గుమాస్తాకు అందరం కలిసి కార్డు కొంటే, దాని మీదా ఇదే తంతు. “‘ఆయురారోగ్యాలతో వర్ధిల్లండి’ అని రాసిచ్చాక ఆయనకి జలుబు చేస్తే బాధ్యత ఎవరిదండి?” అన్నారు. చివరికి ‘చూశాను’ అని రాసి తేదీ వేశారు.

నేను ఏడేళ్లుగా అదే గదిలో అవుట్‌సోర్సింగ్ కంప్యూటర్ ఆపరేటర్ని. తప్పు దొరికితే పర్మినెంటు వాళ్లకు మెమో, మాకు గేటు.

ఆ తప్పు నేనే చేశాను. రాయదుర్గం మెట్రో వెనక ఒక అక్రమ ప్రహరీ కూల్చమనే ఉత్తర్వులో ప్లాటు నంబరు 64 బదులు 46 కొట్టాను. రామ్మోహనరావు గారు వెంకట్‌తో ముప్పావుగంట మాట్లాడి మరీ సంతకం పెట్టారు. మర్నాడు జేసీబీ వెళ్లి శివశంకర్ అనే కర్నూలాయన కొత్త గోడ పడగొట్టింది.

ఆయన నేరుగా మా గదికే వచ్చాడు. “నా గోడకి పర్మిషన్ ఉండాది సార్. ఎవురు టైపు చేసినారో ఆ మనిషిని చూపీండి సాలు.”

కేసు వేశాడు. డిప్యూటీ కమిషనర్ ఉమాశ్రీ గారు మమ్మల్నిద్దర్నీ పిలిచారు. నన్ను తీసేసే కాగితం బల్ల మీద సిద్ధంగా ఉంది.

“టైపు చేసిందెవరు?”

“నేనండి,” అన్నారు రామ్మోహనరావు గారు.

మేడమ్ కీబోర్డు ఆయన వైపు జరిపారు. “మీ పేరు కొట్టండి.”

ఒంటి వేలితో వెతికి వెతికి మూడు నిమిషాల్లో ‘రా’ వరకూ వచ్చారు.

“ఇంత నిదానంగా కొడితే తప్పెలా పడుతుందండీ?”

“మధ్యలో కునుకు పడుతుందండి.”

మేడమ్ నవ్వు ఆపుకుంటూ కాగితం సొరుగులో పడేశారు. “మీ ఇంక్రిమెంటు ఆగుతుంది, తెలుసుగా?”

“తెలుసండి. దానికి పాలసీ వర్తించదు. ఇందాకే కనుక్కున్నాను.”

సాయంత్రం కేసు కాగితాల కోసం వెంకట్ వచ్చాడు. నా పేరు వినగానే ఆగిపోయాడు.

“శ్రీను అంటే నువ్వేనా? మీ సారు ఫోన్ చేస్తే సంతకం సంగతి అర నిమిషమే మాట్లాడుతడు. మిగతాదంతా నిన్నూ ఇంకో ముగ్గురు ఆపరేటర్లనూ అదే పాలసీల చేర్చమనుడే. అవుట్‌సోర్సింగోళ్లకు ఉండదంటే వినడు. ఏడేండ్ల సంది పరేషాన్ చేస్తుండు.”

రామ్మోహనరావు గారు వినబడనట్టు ఫైలు తిరగేస్తున్నారు. “సార్...” అన్నాను.

“కబుర్లు తరవాత. శివశంకర్ గారికి క్షమాపణ ఉత్తరం వెళ్లాలి. కూర్చో, నేను చెప్తా, నువ్వు కొట్టు.”

“నేనేనా సార్?”

“మరి నేను కొడితే ఆయన మనవడికి అందుతుందోయ్.”