రేడియో గారి అక్క

ఆ వీధి సెలూన్ ఆయన్ని అందరూ రేడియో అనే పిలుస్తారు. ముప్పై ఏళ్లుగా ఆయన కత్తెర ఎంత ఆడిందో, నోరూ అంతే ఆడింది. ఎవరింట్లో పాప పుట్టింది, ఎవరి అల్లుడు అలిగాడు, ఏ కొట్టు మూతపడబోతోంది, అన్నీ అక్కడున్న రెండు కుర్చీల మధ్యే తేలేవి.

అలాంటి మనిషికి ఈమధ్య వినేవాళ్లు కరువయ్యారు. వచ్చినవాడల్లా కుర్చీలో కూర్చోగానే తల వంచుకుని ఫోన్‌లో మునిగిపోతున్నాడు. "కాస్త తలెత్తు నాయనా, మెడ దగ్గర మెట్లు పడతాయి" అని బతిమాలి బతిమాలి, చివరికి విసుగెత్తి అద్దం కింద ఒక డబ్బా పెట్టాడు. దాని మీద పెద్ద అక్షరాలతో "ఫోన్లు లోపల, కబుర్లు బయట" అని రాశాడు.

కాలేజీలో సమాజశాస్త్రం చెప్పే లెక్చరర్ అది చూసి పగలబడి నవ్వాడు. "కొత్త మీడియా మనుషుల్ని దగ్గర చేస్తోందా, దూరం చేస్తోందా అని శనివారం మా దగ్గర చర్చ పెట్టాం. దూరం చేస్తోందనే జట్టులో మీరూ మాట్లాడాలి."

"నేనా! నేను చదివింది ఏడో తరగతి సార్."

"పుస్తకాలు మా పిల్లలు చదివారు లెండి. మీరు కళ్లతో చూసింది చెప్పండి చాలు."

రేడియో కాళ్లు నేల మీద ఆగలేదు. ఆ వారమంతా గడ్డం గీయించుకోవడానికి వచ్చిన ప్రతివాడూ ఆయన ప్రసంగం వినక తప్పలేదు.

శుక్రవారం మధ్యాహ్నం భార్య ఫోన్ పట్టుకుని సెలూన్‌కి వచ్చింది. ఆయన వద్దంటున్నా ఆ నెలలోనే కొనుక్కున్న ఫోన్ అది.

"ఏమండీ, ఆ కత్తెర పక్కన పెట్టి ఇటు చూడండి."

తెర మీద ఆయన అక్క కనిపించింది!

అక్కకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. చిన్నప్పుడు అక్కాతమ్ముళ్లు చేతులతో ఒక భాష అల్లుకున్నారు. అది వాళ్లమ్మకు కూడా సగమే అర్థమయ్యేది. అక్క పెళ్లయి దూరపు ఊరు వెళ్లింది. ఇద్దరూ కలుసుకుని పన్నెండేళ్లయింది. మామూలు ఫోన్‌లో బావ "బాగానే ఉంది" అని చెప్పే ఆ రెండు ముక్కలే దిక్కు. ఇప్పుడు మేనకోడలు ఆమె ఎదురుగా ఫోన్ నిలబెట్టింది.

అక్క తమ్ముడి తల వైపు వేలు చూపించి ముక్కు చిట్లించింది. జుట్టంతా తెల్లబడిందేంట్రా ముసలాడా, అని ఆ సైగకు అర్థం. రేడియో గబగబా రెండు చేతులతో బదులిచ్చాడు. మధ్యలో ఒకటి రెండు సైగలు మరిచిపోతే అక్క కళ్లెర్రజేసి గుర్తుచేసింది. ఆయన కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు. సగం క్షవరంతో కుర్చీలో ఉన్న మనిషి అరగంట సేపు కదల్లేదు. ఆ సెలూన్లో అంతసేపు నోటి మాట వినపడకపోవడం అదే మొదటిసారి.

"రేపు ఏం మాట్లాడతారు మరి?" అంది భార్య, నవ్వు ఆపుకుంటూ.

"అదే నాకూ తెలియట్లేదే!"

మర్నాడు హాలు నిండా కుర్రకారు. రేడియో లేచి గొంతు సవరించుకున్నాడు.

"నేను ఫోన్లని తిట్టడానికే వచ్చాను. నా కుర్చీలో కూర్చున్నవాడు నా చేతికిందే ఉంటాడు, కానీ అక్కడ ఉండడు. దానికి నాకు ఒళ్లు మండుతుంది, ఇప్పటికీ మండుతోంది. అయితే నిన్న మా అక్క పన్నెండేళ్ల తర్వాత నన్ను తిట్టింది. చేతులతో, కడుపునిండా తిట్టింది. ఆ తిట్లకి వారం రోజుల నా ప్రసంగం కొట్టుకుపోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు."

"మీరు మా జట్టండీ!" అని వెనకనుంచి ఒక అమ్మాయి లబలబలాడింది. హాలంతా ఘొల్లున నవ్వింది.

"మా శాస్త్రంలోనూ ఈ తగువు ఇంకా తెగలేదు లెండి" అన్నాడు లెక్చరర్, చప్పట్లు కొడుతూ.

మూడు ఓట్ల తేడాతో రేడియో జట్టు ఓడిపోయింది. జట్టులోవాళ్లు ముఖాలు మాడ్చుకుంటే, అందరికీ ఉచితంగా క్షవరం చేస్తానని ఆయన రాజీ కుదుర్చుకున్నాడు.

ఆ సోమవారమే ఆ అమ్మాయి తమ్ముణ్ని లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. అదే సమయానికి రేడియో అక్క వీడియో కాల్ చేసింది. రేడియో, భార్య దగ్గర అడిగి తెచ్చుకున్న ఫోన్‌ని అద్దానికి ఆనించి పని సాగించాడు. కాసేపటికి తెర మీద అక్క చెయ్యి అడ్డంగా ఊపింది.

"ఏమంటున్నారు?" అని అడిగింది అమ్మాయి.

రేడియో కత్తెర ఆపి, రెండడుగులు వెనక్కి వేసి చూశాడు.

"ఎడమ పక్క జుట్టు ఎక్కువుందట" అన్నాడు. "నిజమే."