కళ్లు మూసుకుని చూసే నర్సమ్మ

మా పిల్లల ఆసుపత్రిలో టీబీ ఉందో లేదో తేల్చే సూది వేసే నర్సమ్మని, ఆవిడకి వినపడకుండా, వేలమ్మ అనేవాళ్లం. సూది వేసిన మూడో రోజు కళ్లు మూసుకుని, చూపుడు వేలితో పిల్లల చెయ్యి తడిమి, సూది చోట గట్టిపడ్డ మేర కొలిచేది. పది మిల్లీమీటర్లు దాటితే టీబీ సోకినట్టు లెక్క. ఎర్రదనం లెక్కలోకి రాదు. ఎలర్జీ పిల్లల చర్మం ఊరికే కందిపోతుంది. "కన్ను తాడుని చూసి పామనుకుంటుంది, వేలు అనుకోదు" అనేది. చీటీలు రాసే నాకు ఆ వేలి మీదున్నంత నమ్మకం దేవుడి మీద కూడా లేదు. అంత నమ్మకం పనికిరాదని తర్వాత తెలిసింది.

ఆ రోజు ఒకావిడ ఆరేళ్ల కూతుర్ని మూడో రోజు పరీక్షకి తెచ్చింది. భర్త టీబీ మందులు వాడుతున్నాడు. పాపకి ఒంటినిండా ఎగ్జిమా, పైగా ఉబ్బసం. దగ్గు దేనిదో తేలాలి. సూది వేసిన సాయంత్రం చెయ్యి ఎర్రగా వాచిందట, ఇప్పుడేమీ లేదు.

నర్సమ్మ కళ్లు మూసుకుంది. వేలు ఒకచోట ఆగింది. పెన్నుతో అటూ ఇటూ గీత పెట్టి, కొలిచి, "పదమూడు" అంది. నేను వంగి చూశాను. ఉబ్బు లేదు. తడిమితే మెత్తగా ఉంది. ఆవిడా కళ్లు తెరిచి తడిమింది, ఏమీ తగల్లేదు. మళ్లీ మూసుకుంది. వేలు ఆ గీత దగ్గరే ఆగిపోయింది. పాప కదలకుండా ఆవిడ మూసిన కళ్లనే చూస్తోంది.

"ఏం రాయమంటారు?" అన్నాను.

"సున్నా. లేనిది రాయకూడదు. కానీ ఇలాంటి పిల్లల చర్మం టీబీ ఉన్నా ఒక్కోసారి సూదికి పలకదు. సున్నా అని వదిలెయ్యొద్దని డాక్టరుగారికి చెప్పు. ఎక్స్‌రే తీయాల్సిందే."

ఎక్స్‌రేలో మచ్చ కనిపించింది. మందులు మొదలుపెడదామన్నారు డాక్టరుగారు. సమయానికి దొరికిందని నాకు ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు తల్లి సంచిలోంచి ఒక పాత చీటీ తీసి బల్ల మీద పెట్టింది. "పోయినేడు దీని అక్కకీ మీరే చూశారమ్మా. సున్నా అన్నారు. ఉబ్బసమేగా అని ఇంటికి తీసుకెళ్లాం. మూడు నెలలు తిరక్కుండానే పోయింది."

రాత నాది, సంతకం నర్సమ్మది. ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"దగ్గు తగ్గనప్పుడు మళ్లీ తీసుకురావాల్సింది కదమ్మా" అంది నర్సమ్మ.

"మీరు కళ్లు తెరిచి నవ్వారుగా. ఇంక భయం లేదనుకున్నాం."