వెల్లకిలా పడుకోవడం నేర్చుకున్న మనిషి

మా యోగా గురువుగారు పోయారని మోకా ఊరి బడిలో పాఠం చెబుతుండగా తెలిసింది. మా ఊరి వైపు నుంచి వచ్చే నువెల్ ఫ్రాన్స్ బస్సు కండక్టరు గేటు దగ్గరే నిలబడి కబురు చెప్పి వెళ్లాడు. మన దీవికి స్వాతంత్ర్యం వచ్చి, మన జెండా ఎగిరి ఇంకా నాలుగు నెలలైనా కాలేదు. పిల్లలకు లెక్కలిచ్చి కూర్చున్నాను గాని, నా పిడికిళ్లు బిగుసుకునే ఉన్నాయి. ఆయన చూస్తే "వేళ్లు వదులమ్మా" అనేవారు.

మీలో కొందరికి ఆయన తెలిసే ఉంటారు. తెల్లవారుజామున గుడి వెనక రేకుల షెడ్డులో మాకు ఆసనాలు నేర్పి, ఆ తర్వాత చెరకు నరకడానికి వెళ్లేవారు. ఆయనకు గురువు ఓడలో ఇండియా నుంచి వచ్చిన ఒక పాత పుస్తకం. మా ఊరి తేమకు దాని చివరి పుటలు ఊడిపోయాయి. ఉన్నంతవరకే నేర్చుకున్నారు, పదేళ్లపాటు అంతవరకే మాకూ నేర్పారు. ఆఖరి ఆసనం కాగానే "అలోన్, లేవండి" అనేవారు; అలోన్ అంటే క్రియోల్ భాషలో పదండని. ఆ చెమటతోనే పనుల్లోకి పరిగెత్తేవాళ్లం.

ఒకసారి సుయాక్ గుడికి వచ్చిన ఇండియా స్వామి ఒకరు మా క్లాసు చూసి, "మరి చివర్లో శవాసనం ఏది?" అని అడిగారు. ఆ మాటే మేమెవరమూ వినలేదు. గురువుగారి మొహం కందిపోయింది. మరొకరైతే ఏదో చెప్పి తప్పించుకునేవారు. ఈయన మా వైపు తిరిగి, "పదేళ్లు మీకు సగమే నేర్పినాను. రేపటి నుంచి మీతో నేను కూడా నేర్చుకుంటాను" అన్నారు. నలుగురిలో అలా తల వంచినందుకు నాకు ఆయన మీదే కోపం వచ్చింది. ఆ కోపానికి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

తలకిందులుగా నిలబడగలిగిన మనిషికి వెల్లకిలా పడుకోవడం చేతకాలేదు. కళ్లు మూయగానే ఉలిక్కిపడి లేచేవారు. "చిన్నప్పుడు చెరకు తోటలో నడుం వాలిస్తే, పని చేయించే సర్దార్ బూటుతో తన్నేవాడమ్మా. ఈ ఒళ్లు ఇంకా మర్చిపోలేదు" అన్నారొకరోజు. ఏళ్లు గడిచినా ఆయన పిడికిళ్లు విచ్చుకోలేదు. అయినా రోజూ పడుకునేవారు.

స్వాతంత్ర్యానికి ముందు పట్నంలో జాతుల మధ్య కొట్లాటలు మొదలయ్యాయి. మాతో నేర్చుకునే, ఆఫ్రికా సంతతికి చెందిన క్రియోల్ వడ్రంగి మూడు రోజులుగా రాలేదు. ఆ ఉదయం మా వీధిలోనూ కర్రలు పట్టుకున్న మనుషులు తిరుగుతున్నారు. తలుపు వేసేద్దామన్నాను.

"వడ్రంగి వస్తే ఎట్లా? తెరిచే ఉంచు" అని, గుమ్మం వైపే తల పెట్టి పడుకున్నారు.

మేమూ పడుకున్నాం. కాసేపటికి కంకర మీద అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. భయంతో కళ్లు తెరిచి ముందు ఆయన్నే చూశాను. ఆయన కదల్లేదు. అరచేతులు రెండూ పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి. అడుగులు గుమ్మంలో ఆగాయి.

"బొంజూర్, గురూజీ" అన్నాడు వడ్రంగి, మెల్లిగా.

"నీ చాప అక్కడే ఉంది" అన్నారు ఆయన క్రియోల్‌లో, కళ్లు తెరవకుండానే.

ఈ రోజుకీ భయమేసినప్పుడు ఆ అరచేతులే తలచుకుంటాను. నాకు ఆయన ఇచ్చింది అదే, అది చాలు.

దహనమైన మర్నాడు అందరం షెడ్డులో కలిశాం. ముందు వరసలో ఆయన చాప పరిచింది వడ్రంగే. ఆసనాలన్నీ వేసి, తలుపు తెరిచే ఉంచి, వెల్లకిలా పడుకున్నాం. పనుల వేళయిందని మిల్లు కూత కూసింది. "అలోన్, లేవండి" అనే మనిషి లేరు. మాలో ఒక్కరమూ లేవలేదు.