చేతులు దులిపే అక్క

కువైట్‌లోని ఖైతాన్‌లో శుక్రవారం ప్రార్థన అయ్యాక నేను చెప్పే ఇంగ్లీషు క్లాసుకు గోదావరి వైపు వంటక్క ఒకామె వచ్చేది. "కుకింగ్ ఖలాస్, వాషింగ్ ఖలాస్" అంటూ రెండు చేతులూ దులిపేది. ఆ అలవాటు మాన్పించి, పూర్తి ఇంగ్లీషు వాక్యాలు శుద్ధంగా పలికించి, గర్వపడ్డాను.

కూతురి కాన్పుకు ఊరెళ్లడానికి సెలవు కావాలని ఆ శుద్ధమైన ఇంగ్లీషులోనే యజమానురాలిని అడిగింది. ఆవిడ మురిసిపోయి, సెలవు మాట పక్కనపెట్టి, తన పిల్లలకు ఇంగ్లీషు చెప్పమంది.

"మీ చదువు నా టిక్కెట్టు మింగేసిందండి మేష్టారూ" అంది అక్క. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

కొన్నాళ్లకు ఆ పిల్లలు భోజనాల దగ్గర చేతులు దులిపి "ఈటింగ్ ఖలాస్" అనడం మొదలుపెట్టారట. ఆవిడ హడలిపోయి పాఠాలు మాన్పించింది; సెలవు వెంటనే దొరికింది.

విమానాశ్రయంలో క్షమాపణ చెప్పబోయాను.

"ఊరుకోండి మేష్టారూ" అని చేతులు దులిపింది. "టీచింగ్ ఖలాస్."