గ్రాఫ్ కాలిక్యులేటర్ బేరం

ఇప్పుడంటే ఏ ఫోనైనా చిటికెలో గ్రాఫ్ గీసిస్తుంది కానీ, తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఆ రోజుల్లో మా దిల్‌సుఖ్‌నగర్ ఇంజనీరింగ్ పిల్లలకు గ్రాఫ్ కాలిక్యులేటరంటే మహా మోజు. జేబులో పట్టని సైజు, జరిపి తీసే మూత, ఒక్కో మీటకు మూడేసి పనులు, బుల్లి తెర మీద నత్తలా పాకే వంకర గీత. పరీక్ష హాల్లోకి రానివ్వరు, సగం మీటలు ఎందుకున్నాయో మాకూ తెలియదు. అయినా అది చేతిలో ఉన్నవాడికి క్యాంటీన్లో గౌరవమే వేరు.

మా నాయనది స్టేషనరీ కొట్టు. వస్తువు చేతికి రాగానే ముందు వంక వెతకాలని ఉగ్గుపాలతో నేర్చినవాణ్ణి. గుంటూరు నుంచి వచ్చి ఎల్బీనగర్ హాస్టల్లో ఉండే మా జూనియర్ ఒకతను తన కాలిక్యులేటర్ నాలుగు వేలకు అమ్ముతానన్నాడు. పరీక్ష ఫీజు కట్టి, మిగిలినదానితో బంద్ మొదలయ్యేలోపు ఊరెళ్లాలని అతని ఆశ. నేను పరీక్షగా చూస్తున్నట్టు నటిస్తూ, తెర మీది నలుపు తగ్గించే మీటలు నొక్కేశాను. అంకెలు మాయమయ్యాయి.

"గిదేంది తమ్మీ, డిస్‌ప్లే పోయింది గదా," అన్నాను.

పాపం, ఆ మీటల సంగతి అతనికి తెలియదు. పొద్దున బానే ఉందన్నా అంటూ మొహం వేలాడేశాడు. పదిహేను వందలకు తెగ్గొట్టాను. (ఆ ఉదయమే రాస్తారోకోలో న్యాయం కావాలని గొంతు చించుకుని వచ్చాను.)

బంద్ మూడో రోజు, సగం షటర్ దించిన కొట్లో కూర్చుని, తెర నలుపు మళ్లీ పెంచుకుని గీతలు గీసుకుంటూ మురిసిపోతుంటే, వంగి లోపలికొచ్చాడతను. బస్సుల్లేక ఎల్బీనగర్ నుంచి నడిచొచ్చాడట. ఊరికి పోలేదేమని అడిగితే, డబ్బులు ఫీజుకే సరిపోయాయన్నాడు. నేను దాచేలోగానే తెర చూశాడు. దొరికిపోయాననుకున్నాను. అతని మొహం మాత్రం వెలిగింది.

"బాగైపోయిందా అన్నా? పాడైంది నీకు అంటగట్టానని మూడు రోజుల నుంచి అన్నం సయించట్లేదు. రిపేరుకి ఎంతయింది?"

నిజం చెబుదామనే నోరు తెరిచాను. కొట్లో పెరిగిన నాలుక నాకంటే ముందే కదిలింది.

"రెండొందలు."

రూమ్మేట్‌నడిగి తెచ్చిన నోట్లు తీసి నా చేతిలో పెట్టాడు. నేను చెప్పిన ధరకు బేరమాడకుండా ఇచ్చిన మనిషి ఇన్నేళ్లలో అతనొక్కడే. ఆనాటి నా గడుసుతనం తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోతుంది. అతను వెళ్తుంటే వెనక నుంచి, "షటర్ తగులుతది, జర పైలం తమ్మీ," అన్నాను. మొత్తం వ్యవహారంలో నేనతనికి ఊరకే ఇచ్చింది ఆ ఒక్క మాటే.