దండ తప్పిన మెడ

ఆ రోజుల్లో, అంటే తొంభైలు ముగిసిపోతున్న రోజుల్లో, నా కళ్ళకి మహా తొందర ఉండేది. మనిషి ఎదురుపడగానే రంగేమిటి, చెప్పులేమిటి, చేతిలో సంచి గుడ్డదా తోలుదా అని లెక్క తేల్చేసి, లేచి నిలబడాలో కూర్చునే తల ఊపాలో నాకు చెప్పేసేవి. బుద్ధి తీరిగ్గా ఆ తరువాత వచ్చేది. కొంత తప్పు ఉద్యోగానిది కూడా. బొమ్మనహళ్ళిలో బట్టలు ఎగుమతి చేసే ఒక కంపెనీలో రిసెప్షనిస్టుని. తెల్లవాళ్ళు వస్తే పింగాణీ కప్పుల్లో కాఫీ, సూటు వేసుకున్న మనవాళ్ళు వస్తే స్టీలు గ్లాసుల్లో, మిగిలినవాళ్ళకి మంచినీళ్ళ కూలర్ ఎక్కడుందో చెయ్యి చూపించడం. ఇదంతా నాకు ఎవరూ నేర్పలేదు, రెండో రోజుకే వచ్చేసింది. (నా రంగు సంగతి అడగకండి. నెలకో ట్యూబు చొప్పున ఫెయిర్‌నెస్ క్రీము పట్టించాను. చివరికి నా ముఖమే గెలిచింది.)

మా అమ్మ కె.ఆర్.పురంలో ఒక చిన్న నర్సింగ్ హోంలో ఆయా. ప్రకాశం జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డాం. మా తెలుగు చర్చిలో స్త్రీల సమాజానికి అమ్మే కార్యదర్శి. ఒకసారి అమెరికా నుంచి ఆ చర్చికి ఒక పెట్టెడు ఊలు టోపీలు వచ్చాయి, పురిటి పిల్లలకి. ఒక టోపీలో అల్లినామె పేరూ చిరునామా ఉన్న చీటీ దొరికింది. అమ్మ ఊరుకోలేదు. తను తెలుగులో చెప్పడం, నేను ఇంగ్లీషులో రాయడం, జవాబు వస్తే నేను తెలుగులో చదివి వినిపించడం. ఏడాదిలోనే ఇద్దరూ ప్రాణస్నేహితులైపోయారు. ఆమెకి మా ఇంట్లో పేరు టోపీలమ్మ. రిటైరైన నర్సు, అరవై దాటాయి. ఇంత స్నేహంలోనూ ఫోటోలు ఇచ్చిపుచ్చుకోవాలని ఎవరికీ తోచలేదు. నాకైతే అవసరమే అనిపించలేదు. అమెరికావాళ్ళంటే ఎలా ఉంటారో నాకు తెలియదా?

చివరికి టోపీలమ్మ మద్రాసులో ఏదో ఆసుపత్రి చూడటానికి వస్తూ, స్త్రీల సమాజం పండగకి మా దగ్గరికీ వస్తానని రాసింది. అమ్మ ఆ నెలంతా నేలమీద నడవలేదు. తన జీవితంలో తన కోసం అంతదూరం నుంచి వస్తున్న మొదటి మనిషి. "స్టేషనుకి నువ్వు ఎళ్ళు. ఇంగ్లీషు నీకే వచ్చుగదా. ఆమె దిగంగానే దండ ఎయ్యాల, ఒక్క నిమిషం కూడా బిక్కుబిక్కుమంటా నిలబడకూడదు" అని మల్లెపూల దండ తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది. అమ్మ నన్ను అడిగిన పని అదొక్కటే.

కె.ఆర్.పురం స్టేషనులో రైలు దిగినవాళ్ళలో నా కళ్ళు వెంటనే ఒక తెల్లామెని పట్టుకున్నాయి. నూలు చీర, జారిపోతున్న కుచ్చిళ్ళు, మెడలో తులసిపూసలు. (తులసిపూసలేమిటని ఒక్క క్షణం అనిపించకపోలేదు. ఫ్యాషనేమో అనుకున్నాను.) ఎదురెళ్ళి, "ఫ్రమ్ అమెరికా?" అన్నాను. అవునంది. అంతే, దండ పడింది. ఆమె కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించింది. అంతలో నా వెంట సామాను మోయడానికి వచ్చిన ఆటో అన్న నెమ్మదిగా, "అమ్మణ్ణీ, ఆ బెంచీమింద ఉండే పెద్దామె దండ చూసి లేసి నిలబడిండాదమ్మా. మన పక్కే చూస్తా ఉండాది" అన్నాడు. చూశాను. నల్లగా, లావుగా, పూలగౌను వేసుకున్న ఒకామె నవ్వుతూ రెండడుగులు ముందుకు వేసింది. "ఎవరో ఆఫ్రికా స్టూడెంట్ అయ్యుంటుందిలే అన్నా, ఇక్కడ చాలామంది చదువుతున్నారు" అన్నాను. తల నెరిసిన స్టూడెంట్. పైగా దారికి అడ్డంగా ఉందని ఆవిడ పెట్టెని నా కాలితో కొంచెం పక్కకి జరిపాను. ఆవిడ నవ్వు ఆగిపోవడం కూడా చూశాను. చూసి, తెల్లామె చెయ్యి పట్టుకుని నడిచాను.

చర్చిలో స్త్రీలందరూ నిలబడి స్వాగతగీతం ఎత్తుకున్నారు. మా అతిథి వేదిక ముందు నేలమీద పద్మాసనం వేసి కూర్చుంది. పాస్టరమ్మ కంగారుపడి కుర్చీ తెప్పించింది. ఆమె కుర్చీలో కూడా పద్మాసనమే వేసింది. అమ్మ ఆమెని ఒక్క చూపు చూసి నన్ను తలుపు దగ్గరికి లాక్కెళ్ళింది. "ఎవరే ఈమె?" "టోపీలమ్మ!" "కాదు." అంత గట్టిగా ఎలా చెబుతుందో నాకు అర్థం కాలేదు. అప్పుడు వెళ్ళి పేరు అడిగాను. వేరే పేరు చెప్పింది. వైట్‌ఫీల్డ్‌లో ఒక ఆశ్రమానికి వెళ్తోందట. ఇండియాలో దారిన పోయేవాళ్ళు కూడా దండ వేసి తీసుకుపోతారని ఎవరో చెప్పి పంపారట. ఉప్మా తిని, పిల్లలందరి తలలూ నిమిరి, ఆ దండతోనే వెళ్ళిపోయింది.

అమ్మా నేనూ స్టేషనుకి ఆటో ఎక్కాం. దారిలో ఆటో అన్న బెంచీమీది పెద్దామె సంగతంతా చెప్పేశాడు. అమ్మ నన్ను తిట్టలేదు. "మా ఊళ్ళో టీకొట్టు చూరులో మాకు గ్లాసు యేరే ఉండేదని రాయించాను గుర్తుందా? దానికి ఆమె ఏం రాసిందే?" అంది. గుర్తుంది. వాళ్ళ ఊళ్ళో వాళ్ళకి కుళాయి వేరే ఉండేదని, వాళ్ళమ్మ నడివయసుదాకా ఆ కుళాయి దగ్గరే తాగిందని రాసింది. అమెరికాలోనూ నీళ్ళ ఎద్దడి ఉండేది కాబోలని నేను అప్పుడు వ్యాఖ్యానం కూడా చేశాను. "యేరే కుళాయి ఎవరికి పెడతారే?" అంది అమ్మ. "చదివింది నువ్వే. నాకు అర్థమైంది, నీకు కాలా."

రెండు గంటలు దాటినా టోపీలమ్మ ఆ బెంచీ మీదే ఉంది. అమ్మని చూడగానే గుర్తుపట్టింది. ఎలాగో నాకు తెలియదు. ఒకరి భాష ఒకరికి రాదు, కౌగిలించుకుని అలా నిలబడిపోయారు. తరువాత ఆమె నా వైపు తిరిగింది. పెట్టె జరిపిన పిల్లని పోల్చుకుంది, ఆ సంగతి ఆమె ముఖంలో కనిపించింది. "అంత చక్కటి దస్తూరీ నీదేనా?" అంది, అంతే. నేను తల ఊపాను. సారీ అన్న మాట ఇంగ్లీషులో అందరికంటే ముందు నేర్చుకునేదే, అది కూడా నోట్లోంచి రాలేదు. మూడు రోజులు మా ఇంట్లో ఉంది, మా గ్లాసుల్లోనే నీళ్ళు తాగింది, వెళ్ళిపోయింది. నేను ఆ మూడు రోజులూ ఓవర్‌టైమ్ ఉందని అబద్ధం చెప్పి ఆఫీసులో కూర్చున్నాను.

ఆమె వెళ్ళాక అమ్మ చెప్పిన మొదటి ఉత్తరంలో ఒక మాట ఉంది. "నా బిడ్డ నిన్ను చూసి కూడా చూడనట్టు ఎళ్ళిపోయింది. సిగ్గుతో తల ఎత్తలేకపోతంది. దాన్ని క్షమించు." ఉత్తరమంతా రాశాను. ఆ మాట దగ్గర మాత్రం బెంగుళూరులో వానలు బాగా పడుతున్నాయని రాశాను. నా చేత్తో నా తప్పు రాయడం నాకు నామోషీ అయింది. నెల తిరక్కుండా జవాబు వచ్చింది. "దాని గురించి ఏమన్నా రాసిందా?" అని అమ్మ ఆత్రంగా అడిగింది. వాళ్ళ పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టిందన్న పేరా మీద వేలు పెట్టి, "క్షమించాను, బిడ్డని బాధపడొద్దని చెప్పు, అంటోంది" అని చదివాను. "ఇంకోసారి చదువు" అంది అమ్మ. ఇంకోసారి చదివాను. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. పోయిన నెల అమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే ఆ ఉత్తరం బయటపడింది. పిల్లి పేరాలో పొరపాటున ఎక్కడైనా నా మాట ఉందేమోనని (యాభై దాటినా కొందరికి బుద్ధి రాదు) కళ్ళద్దాలు పెట్టుకుని, వెనక్కి తిప్పి కూడా వెతికాను. నాలుగు పిల్లలూ క్షేమంగా ఉన్నాయని మాత్రం ఉంది.